చక్కెర అందించే చేతులు కావాలి

టైప్‌-1 మధుమేహం ఉన్న పసిపిల్లల్లో రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతే మందు ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. సమయానికి గుర్తుపట్టి ఇచ్చేవాళ్లే చాలడం లేదు.

మార్చి నడిమికల్లా తెలంగాణలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. హైదరాబాద్ శివారు కాప్రా, కుషాయిగూడ, మల్లాపూర్, నాచారం వీధుల్లో పొద్దున ఏడున్నరకే ఆటోలు పిల్లలతో కిక్కిరిసిపోతాయి. ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు కదా అని పెద్దవాళ్లకు ఊరట. టైప్‌-1 మధుమేహం ఉన్న బిడ్డ ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి లెక్కలన్నీ మారిపోతాయి. ఎనిమిదింటికి వేసే ఇన్సులిన్ ఆరున్నరకే వేయాలి. మూడు ఇడ్లీలు తినాల్సిన అయిదేళ్ల పిల్ల ఆటో హారన్ వినగానే ఒకటిన్నర తిని లేచిపోతుంది. వేసిన మందు మాత్రం మూడు ఇడ్లీలకు సరిపడేది. పదిన్నర, పదకొండు మధ్య ఆ పిల్ల బెంచీ మీద తల వాల్చేస్తుంది. నిద్ర చాలలేదేమోనని టీచరమ్మ అనుకుంటుంది. అప్పటికి రక్తంలో చక్కెర 50కి దిగిపోయి ఉండొచ్చు.

ఆ నిమిషాన ఆ పిల్లకు కావాల్సింది ఒక టీస్పూన్ నిండా గ్లూకోజు పొడి, కలపడానికి కాసిన్ని నీళ్లు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఆ చెంచాడు పొడి వెంటనే అందితే పావుగంటలో పిల్ల లేచి ఆడుకుంటుంది. అందకపోతే మగత, ఆపైన ఫిట్స్, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. అమ్మ ఇంట్లో ఉంటుంది, డాక్టరు ఆసుపత్రిలో ఉంటారు. పక్కన ఉండేది టీచరు, ఆయమ్మ, ఆటో అన్న, పక్కింటి పిన్ని. వాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండటమే ఇలాంటి బిడ్డలకు అసలైన రక్షణ.

తీపి తిన్నందుకు వచ్చిన జబ్బు కాదు

పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే షుగర్‌కీ దీనికీ పేరొక్కటే ఉమ్మడి. టైప్‌-1లో శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలోని ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. అమ్మ ఎక్కువ తీపి పెట్టినందుకో, గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో ఇది రాదు. మాత్రలతో, కషాయాలతో తగ్గదు. బయటి నుంచి రోజూ ఇన్సులిన్ ఇవ్వకపోతే బిడ్డ బతకదు.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వెలువరించిన అట్లాస్ ప్రకారం మన దేశంలో ఇరవై ఏళ్లలోపు టైప్‌-1 బాధితులు దాదాపు 2 లక్షల 29 వేల మంది. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు. ఈ జబ్బు మీద పరిశోధన మన గడప పక్కనే జరుగుతోంది. ఉప్పల్ రోడ్డులో, హబ్సిగూడ దగ్గరున్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పుణేలోని కేఈఎం ఆసుపత్రి, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంతో కలిసి, జన్యువుల ఆధారంగా లెక్కగట్టే స్కోరు భారతీయుల్లోనూ టైప్‌-1ను టైప్‌-2 నుంచి వేరుచేసి చెప్పగలదని 2020లో చూపించారు. ఆ ప్రయోగశాల నుంచి కాప్రా బడులు కొద్ది కిలోమీటర్ల దూరమే. సైన్సు అంత దగ్గరలో ఉన్నా, చెంచాడు గ్లూకోజు సంగతి తరగతి గదిలోకి ఇంకా చేరనే లేదు.

ఒక్క యూనిట్ ఎంత పెద్దదంటే

ఇన్సులిన్ కొలత పుట్టిందే చక్కెర పడిపోవడంలోంచి. 1922లో టొరంటో శాస్త్రవేత్తలు కొత్తగా తీసిన మందు బలం ఎంతో తేల్చుకోవడానికి ఆకలితో ఉంచిన కుందేళ్లకు సూది వేసేవారు. రక్తంలో చక్కెర 45కి పడిపోయి కుందేలుకు ఫిట్స్ వచ్చే మోతాదును బట్టి యూనిట్‌ను లెక్కగట్టారు. గ్లూకోజు ఎక్కించగానే ఆ కుందేళ్లు మళ్లీ లేచి తిరిగేవి. ప్రాణం పోసే మందే కాస్త ఎక్కువైతే ఏం చేస్తుందో, దానికి విరుగుడు ఏమిటో మొదటి ఏడాదే తెలిసిపోయింది. ఆ ఏడాది జనవరిలోనే లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు ఇన్సులిన్‌తో బతికిన తొలి మనిషయ్యాడు.

ఇప్పుడు పసిపిల్లల లెక్క చూద్దాం. పదిహేను కిలోల బిడ్డకు రోజు మొత్తానికి పట్టే ఇన్సులిన్ సుమారు పది యూనిట్లు. ఒక యూనిట్ ఎంత చక్కెరను దించుతుందో అంచనా కట్టడానికి వైద్యులు 1800ను రోజువారీ మొత్తం మోతాదుతో భాగిస్తారు. పదితో భాగిస్తే 180. అంటే ఈ బిడ్డకు ఒక్క యూనిట్ ఎక్కువ పడినా చక్కెర 180 పాయింట్ల దాకా పడిపోగలదు. పెద్దవాళ్లకు లెక్కలోకి రాని అర యూనిట్ పసివాళ్ల విషయంలో గండం. మామూలు సిరంజి మీద ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఉండే సందులో ఆ అర యూనిట్‌ను కంటితో కొలవాలి. అది కూడా తెల్లవారుజామున, ట్యూబ్‌లైటు వెలుగులో, ఏడుస్తున్న బిడ్డను ఒక చేత్తో పట్టుకుని. అర యూనిట్ చొప్పున కొలిచే పెన్నులు ఉన్నాయి. అవి అందుబాటులో ఉంటే పసిపిల్లలకు అవే మేలు.

మందు ఒకెత్తు, తిండి ఇంకో ఎత్తు. మూడేళ్ల పిల్లాడు నిన్న గిన్నెడు పప్పన్నం తిన్నాడని ఇవాళా తింటాడన్న నమ్మకం లేదు. సూది వేశాక ముద్ద ఉమ్మేస్తాడు, వాంతి చేసుకుంటాడు, ఆటలో పడి పరుగెడతాడు. పైగా పసి మెదడుకు చక్కెర ఆకలి ఎక్కువ. అయిదేళ్ల వయసులో శరీరం రోజంతా ఖర్చుపెట్టే శక్తిలో పదింట నాలుగు వంతులు మెదడుకే పోతాయి. అందుకే చక్కెర పడిపోతే మొదట తెలిసేది బిడ్డ ప్రవర్తనలోనే.

నోరు తెరిచి చెప్పలేరు, మనమే చూడాలి

రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే జాగ్రత్తపడాలి. 54 కంటే తగ్గితే ప్రమాదం. పదేళ్లు దాటిన పిల్లలు ‘షుగర్ డౌన్ అవుతున్నట్టుంది’ అని తామే చెప్పగలరు. మూడు నాలుగేళ్ల వాళ్లకు ఆ మాట రాదు. చెప్పేది వాళ్ల ఒళ్లే. మొహం పాలిపోతుంది. నుదుటి మీద, మెడ వెనక చల్లటి చెమట పడుతుంది. చేతులు వణుకుతాయి. అప్పటిదాకా నవ్వుతున్న పిల్ల ఉన్నట్టుండి మొండికేస్తుంది, బొమ్మలు విసిరేస్తుంది, కారణం లేకుండా ఏడుస్తుంది. కొందరు దీనికి పూర్తి విరుద్ధంగా చప్పుడు చేయకుండా ఒక మూల కూర్చుండిపోతారు. పిలిస్తే పలకరు. నడక తూలుతుంది, మాట తడబడుతుంది.

దీన్ని అల్లరి అనుకుని కసిరితే పోయేది విలువైన సమయం. షుగర్ ఉన్న బిడ్డ ప్రవర్తన తేడాగా కనిపిస్తే ముందు గ్లూకోమీటర్‌తో వేలి మీద ఒక చుక్క చూడాలి. మీటరు చేతిలో లేకపోతే పడిపోయిందనే అనుకుని చక్కెర ఇచ్చేయాలి. ఒకవేళ చక్కెర ఎక్కువే ఉండి ఉంటే ఆ చెంచాడుతో కొత్తగా ముంచుకొచ్చేది ఏమీ లేదు. తక్కువ ఉన్నప్పుడు ఇవ్వకపోతేనే ముప్పు.

అడ్డం పడేది చాలాసార్లు మంచి మనసే. ‘షుగరున్న పిల్లకు చక్కెర పోస్తవేందే?’ అని అమ్మమ్మ చేయి పట్టుకుంటుంది. బడిలో టీచరూ అదే సందేహంతో ఆగిపోతుంది. వాళ్లకు ముందే కూర్చోబెట్టి చెప్పాలి: మామూలు రోజుల్లో తీపి తగ్గించడం ఎంత అవసరమో, పడిపోయినప్పుడు తీపి ఇవ్వడం అంతకంటే అత్యవసరం.

ఎంత ఇవ్వాలి, ఏది ఇవ్వాలి

పిల్లల మధుమేహ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఇస్పాడ్ చెప్పే కొలత కిలో బరువుకు 0.3 గ్రాముల గ్లూకోజు. పది కిలోల బిడ్డకు 3 గ్రాములు, పదిహేను కిలోలకు నాలుగున్నర, ఇరవై కిలోలకు 6, ముప్పై కిలోలకు 9 గ్రాములు. గీసి నింపిన టీస్పూన్‌లో సుమారు 4 గ్రాములు పడుతుంది. అంటే అయిదేళ్ల పిల్లకు ఒక టీస్పూన్ నిండుగా, ఎనిమిది తొమ్మిదేళ్ల వాళ్లకు రెండుకు పైన. మీ బిడ్డ కొలత ఎంతో డాక్టరుతో రాయించుకుని పొట్లాలుగా కట్టి పెట్టుకోండి. ఆ కంగారులో చెంచాలు లెక్కపెట్టే తీరిక ఎవరికీ ఉండదు.

అన్నిటికంటే త్వరగా పనిచేసేది గ్లూకోజు పొడి. కిరాణా కొట్లో దొరికే గ్లూకాన్‌-డి లాంటిది చాలు. అది లేకపోతే పంచదార నీళ్లు, తేనె, పండ్ల రసం. తేనె ఏడాది దాటిన పిల్లలకే. ఇచ్చి పావుగంట ఆగి మళ్లీ వేలి చుక్క చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే అంతే మోతాదు మళ్లీ ఇవ్వాలి. 70 దాటాక, తర్వాతి భోజనానికి బాగా వ్యవధి ఉంటే ఒక అరటిపండు ముక్కో, రెండు బిస్కెట్లో, చిన్న చపాతీయో పెట్టాలి. భోజనం వేళే అయితే ముందు గ్లూకోజుతో నిలబెట్టి, ఆ తర్వాత అన్నం పెట్టాలి.

ఇక్కడ చాలామంది పొరబడేవి కొన్ని ఉన్నాయి. చాక్లెట్, ఐస్‌క్రీం, పాలకోవా తియ్యగానే ఉంటాయి కానీ వాటిలోని కొవ్వు చక్కెరను రక్తంలోకి త్వరగా వెళ్లనివ్వదు. బిస్కెట్, ఇడ్లీ అరగడానికి సమయం పడుతుంది. విరేచనాలకు వాడే ఓఆర్‌ఎస్ కూడా సరిపోదు. లీటరు ద్రావణంలో ఉండే గ్లూకోజు పదమూడున్నర గ్రాములే కాబట్టి గ్లాసుడు తాగినా మూడు గ్రాములు కూడా అందదు. ‘షుగర్ ఫ్రీ’ అని రాసిన పానీయాలతో ఏ ఉపయోగమూ లేదు. కంగారులో నాలుగు లడ్లు తినిపించడమూ మంచిది కాదు. గంట తర్వాత చక్కెర 350కి ఎక్కి కూర్చుంటుంది.

స్పృహ లేకపోతే

బిడ్డ మింగలేని స్థితిలో ఉంటే, ఫిట్స్ వస్తుంటే నోట్లో నీళ్లు, పాలు, చక్కెర నీళ్లు పోయొద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇంట్లో గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటే కండకు వేయాలి. పాతిక కిలోల లోపు పిల్లలకు అర మిల్లీగ్రాము, ఆపైన ఒక మిల్లీగ్రాము. కాలేయంలో దాచి ఉన్న చక్కెరను అది రక్తంలోకి విడుదల చేయిస్తుంది. పది పదిహేను నిమిషాల్లో తెలివి వస్తుంది. తర్వాత వాంతి అయ్యే అవకాశం ఉంది కాబట్టి పక్కకు తిప్పే ఉంచాలి. ఎవరో ఒకరు వెంటనే 108కి ఫోన్ చేసి ‘షుగర్ ఉన్న పిల్ల, ఇన్సులిన్ మీద ఉంది, స్పృహ లేదు’ అని మూడు ముక్కల్లో చెప్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో గ్లూకగాన్ ఉంది. మన వీధి మెడికల్ షాపులో అడిగితే చాలాసార్లు దొరకదు, దొరికినా ధర సామాన్యులకు భారమే. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి లక్డీకాపూల్ దగ్గరి నీలోఫర్ ఆసుపత్రికి సాయంత్రం ట్రాఫిక్‌లో వెళ్లి చూసిన ఎవరికైనా ఆ ఇంజెక్షన్ దగ్గరలో ఉండటం ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. బిడ్డకు స్పృహ లేనప్పుడు మొదట వెళ్లాల్సింది దగ్గర్లో నరానికి గ్లూకోజు ఎక్కించగల ఏ ఆసుపత్రికైనా సరే. పెద్దాసుపత్రి సంగతి తర్వాత.

పడిపోవడానికి మన ఊరి కారణాలు

ఎందుకు పడిపోయిందో ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూసుకుంటే సగం ముప్పు తప్పుతుంది. మన దగ్గర తరచూ కనిపించే కారణాలు పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉండవు.

మొదటిది సిరంజి. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నుల్లో పెట్టే కాట్రిడ్జ్‌లో 100 యూనిట్లు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత. పెన్ను పాడైందని కాట్రిడ్జ్‌లోని మందును ఎర్ర మూత సిరంజితో లాగితే నాలుగు యూనిట్లనుకున్నది పది యూనిట్లవుతుంది. రెండున్నర రెట్లు. పసిబిడ్డ విషయంలో ఈ పొరపాటు ప్రాణాంతకం. మెడికల్ షాపులో సిరంజి తీసుకునేటప్పుడు మూత రంగు, సీసా మీది అంకె రెండూ చూసి తీసుకోండి.

రెండోది వేళ తప్పిన తిండి. పండగనాడు నైవేద్యం పెట్టేదాకా ఎవరూ తినకూడదంటారు. వ్రతం పన్నెండింటికి ముగుస్తుంది, ఇన్సులిన్ మాత్రం ఎనిమిదింటికే వేసి ఉంటుంది. మామూలు రెగ్యులర్ ఇన్సులిన్ రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఉద్ధృతంగా పనిచేస్తుంది. పొద్దున వేసిన ఎన్‌పీహెచ్ రకం మధ్యాహ్నం వేళకు జోరందుకుంటుంది. పెళ్లిలో భోజనాలు ఆలస్యమైనా, బడివేళలు మారినా ఇదే చిక్కు. బిడ్డకు ముందుగా పెట్టేయండి. ఏ దేవుడూ కాదనడు.

మూడోది ఆట. బతుకమ్మ ఆడినా, కాలనీ గ్రౌండులో క్రికెట్ ఆడినా చక్కెర అప్పుడే కాకుండా ఆరేడు గంటల తర్వాత, నడిరాత్రి కూడా పడిపోతుంది. ఖర్చయిన నిల్వలను కండలు తిరిగి నింపుకోవడానికి రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. బాగా ఆడిన రోజు పడుకునే ముందు చూడాలి, రాత్రి రెండు మూడు గంటల మధ్య మళ్లీ చూడాలి. నిద్రలో చెమటకు తడిసిన పక్క, పీడకలలు, పొద్దున లేవగానే తలనొప్పి రాత్రి పడిపోయిందనడానికి గుర్తులు. చర్మం కింద సెన్సర్ పెట్టి రాత్రంతా చూపించే పరికరాలు, తగ్గితే అలారం మోగేవి వచ్చాయి. కొనగలిగిన వాళ్లకు అవి కంటినిండా నిద్రనిస్తాయి. కొనలేని ఇంట్లో తల్లి ఫోన్‌లో అలారం పెట్టుకుని లేస్తుంది, రోజూ.

నాలుగోది ఎండాకాలం. వేడికి చర్మం కింద రక్తప్రసరణ పెరిగి మందు త్వరగా ఎక్కుతుంది. మరోవైపు కరెంటు పోయి వేడెక్కిన సీసాలో మందు బలం తగ్గి చక్కెర పెరుగుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి మట్టికుండలో, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి దాచుకోవచ్చు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఒకేచోట సూది వేస్తూపోతే అక్కడ గడ్డలు కట్టి మందు ఒకరోజు ఎక్కీ, ఒకరోజు ఎక్కకా ఇబ్బంది పెడుతుంది. చోటు మార్చాలి.

చివరిది కొత్తగా జబ్బు బయటపడ్డ ఇళ్లలో. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు మిగిలిన కణాలు కాస్త తేరుకుని, మందు అవసరం బాగా తగ్గిపోతుంది. పాత మోతాదే వేస్తే చక్కెర పదేపదే పడిపోతుంది. అప్పుడు డాక్టరును అడిగి తగ్గించాలి. తగ్గిపోయిందనుకుని, ఎవరో చెప్పిన పసరు మందు పట్టుకుని ఇన్సులిన్ మానేస్తే బిడ్డ ప్రాణానికే చేటు. ఆ ఊరట కొన్ని నెలలదే.

భయం కూడా చెరుపు చేస్తుంది

ఒక్కసారి బిడ్డ ఫిట్స్‌తో కొట్టుకోవడం చూసిన తల్లిదండ్రులు ఆ తర్వాత చక్కెరను కావాలనే 250, 300 దగ్గర ఉంచుతారు. ‘పడిపోకపోతే చాలు’ అంటారు. ఆ మాట వెనకున్న బాధ అర్థమవుతుంది. కానీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతింటాయని అమెరికా, కెనడాల్లో జరిగి 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ అధ్యయనం తేల్చి చెప్పింది. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టినవాళ్లలో తీవ్రంగా పడిపోవడం దాదాపు మూడింతలైందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో వచ్చిన కొత్త ఇన్సులిన్లు, సెన్సర్లు ఆ ముప్పును బాగా తగ్గించాయి. అయినా చుట్టుపక్కల వాళ్లకు ఏం చేయాలో తెలుసన్న ధైర్యం ఉంటేనే తల్లి అంకెను కిందికి దించడానికి ఒప్పుకుంటుంది. ఊరు నేర్చుకుంటే బిడ్డ కళ్లు, కిడ్నీలు కూడా నిలుస్తాయి.

బడి, బస్తీ, సర్కారు

ఆదేశాలు లేకపోలేదు. షుగర్ ఉన్న విద్యార్థులు బోర్డు పరీక్షల్లో చాక్లెట్, పండ్లు, తినుబండారాలు, నీళ్లు వెంట తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లోనే చెప్పింది. తరగతి గదిలో చక్కెర చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో తినడానికి టైప్‌-1 పిల్లలను అనుమతించాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023 జులైలో అన్ని రాష్ట్రాల విద్యాశాఖలకు రాసింది. టైప్‌-1 చికిత్సకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2022లో మార్గదర్శకాలు విడుదల చేసింది. కేరళ ‘మిఠాయి’ పేరుతో ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేక పథకమే నడుపుతోంది. కాగితం మీదున్నది కాప్రాలోని ఒకటో తరగతి గదికి చేరడమే మిగిలింది.

అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. బడి తెరిచే జూన్‌లోనే ఒక్క పేజీ రాసి టీచరుకు ఇవ్వండి: బిడ్డ ఫొటో, లక్షణాలు, ఎన్ని చెంచాలు, రెండు ఫోన్ నంబర్లు. దాని నకలు ఆటోలో అతికించండి. బడిలో ఒక డబ్బా గ్లూకోజు, ఒక మీటరు, ఇద్దరు పెద్దలకు గంటసేపు శిక్షణ. పీఈటీ సారు, వంట చేసే అమ్మలు కూడా ఆ గంటలో కూర్చోవాలి. పరీక్ష రాస్తున్న బిడ్డ గ్లూకోజు తాగుతుంటే తోటి పిల్లలు వింతగా చూడకుండా టీచరే తరగతికి ఒకసారి విడమర్చి చెప్పాలి. దాచుకోవాల్సిన జబ్బుగా పెరిగిన పిల్ల పడిపోతున్నప్పుడు కూడా దాచుకుంటుంది.

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పనిచేసే కుటుంబాల్లో ఈఎస్ఐ కార్డున్న వాళ్లకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి అండ ఉంది. కార్డు లేని అడ్డా కూలీకి, ఆటో డ్రైవరుకు బస్తీ దవాఖానే దిక్కు. పెద్దల షుగర్ మాత్రలు ఇచ్చే ఆ కిటికీలోంచే పసివాళ్ల ఇన్సులిన్, స్ట్రిప్పులు, సరైన సిరంజిలు అందాలి. రోజుకు నాలుగుసార్లు చూడమని డాక్టరు చెప్తే స్ట్రిప్పులకే కూలి డబ్బులు కరిగిపోయే ఇంట్లో చక్కెర పడిపోయిందని తెలిసేది బిడ్డ పడిపోయాకే. ప్రతి సర్కిల్‌కు ఒక దవాఖానలోనైనా గ్లూకగాన్ రాత్రింబవళ్లు ఉండాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు. మీ వీధిలో, మీ అపార్ట్‌మెంట్లో, మీ బిడ్డ తరగతిలో టైప్‌-1 ఉన్న పిల్లలున్నారేమో అడిగి తెలుసుకోండి. ఉంటే ఆ తల్లిని ఒక్క మాట అడగండి: ‘పాపకు షుగర్ డౌన్ అయితే నేనేం చేయాలమ్మా?’ ఆమె చెప్పింది రాసి పెట్టుకోండి. ఆ ప్రశ్న అడిగిన మనిషి ఒక్కరు పెరిగినా, ఆ పిల్ల ఆడుకోవడానికి వెళ్లగలిగే ఇళ్లు ఒకటి పెరిగినట్టే.